కళ్ళు మూసుకున్న రెండు సెకన్లు: ఒక లోకో పైలట్ కేసు

ఈ కేసు రాయడానికి ఆయన దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. రాసినదంతా ఆయనకు చదివి వినిపించాను. రెండు చోట్ల మార్చమన్నారు, మార్చాను. వయసు, డిపో, బండి, ఇంటి సంగతుల్లో మనిషిని గుర్తుపట్టే వీలున్నవన్నీ మార్చేశాను. ఘటన జరిగిన చోటు పేరు రాయడం లేదు. చనిపోయిన మనిషికి కూడా ఒక కుటుంబం ఉంది కాబట్టి.

నేను హన్మకొండలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా గది కాజీపేట వైపు వెళ్ళే రోడ్డు మీద, మొదటి అంతస్తులో ఉంటుంది. గాలి ఇటు మళ్ళినప్పుడు జంక్షన్‌లో బండ్ల హారన్ వినిపిస్తుంది. ఈ కేసు వచ్చేదాకా ఆ చప్పుడును నేను పట్టించుకున్నదే లేదు.

కడుపు మంటతో వచ్చారు

2024 మే చివర్లో ఒక ఫిజీషియన్ ఆయన్ని నా దగ్గరికి పంపారు. నలభై దాటిన మనిషి, మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లు నడిపే లోకో పైలట్. పదహారేళ్ళ సర్వీసు. ఆయన ఉండే ఊరు ఇక్కడికి మూడు గంటల ప్రయాణం. ఇంత దూరం ఎందుకు వచ్చారని అడిగితే "మా దగ్గరైతే ఎవరో ఒకరు చూస్తరు మేడం" అన్నారు.

చేతిలో లావుపాటి ఫైలు. ఎండోస్కోపీ, ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, అన్నీ నార్మల్. బీపీ మాత్రం కొద్దిగా ఎక్కువ. కడుపులో మంట, గ్యాస్ పైకి తన్నడం, గుండె దడ, అరచేతుల్లో చెమట, రాత్రికి మూడు గంటలకు మించి నిద్ర లేకపోవడం. ఆ రోజు ఆయన చెప్పిన బాధలన్నీ ఇవే. మన దగ్గర మనసు బాగోలేదని చెప్పుకుని వచ్చేవాళ్ళు తక్కువ. గ్యాస్ అనో, తల తిమ్మిరి అనో, నడుం నొప్పి అనో వస్తారు. అది అబద్ధం కాదు. కడుపు నిజంగానే మండుతుంది. అందుకే నేనెప్పుడూ ముందు కడుపు గురించే పూర్తిగా వింటాను.

వెంట భార్య వచ్చారు. ఆయన మంచినీళ్ళకు బయటికి వెళ్ళినప్పుడు ఆమె గొంతు తగ్గించి చెప్పారు. మూడు నెలల కింద ఆయన బండి కింద ఒక ముసలాయన పడ్డాడని. ఆ రోజు పెరట్లో స్నానం చేయించి, దిష్టి తీసి ఇంట్లోకి రానిచ్చానని. దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించానని. "అంతకు ముందు కూడ అయినయి మేడం. ఇట్ల ఎప్పుడూ కాలేదు. గుడికి రమ్మంటే రాడు. కుక్కర్ కూత పెడితే బయటికి పోతడు. బిడ్డ కాలేజీ నుంచి పది నిమిషాలు లేటైతే కేకలు పెడతడు."

తాయెత్తు తీసేయమని నేను చెప్పలేదు. భర్త కోసం ఆమె చేయగలిగింది ఆమె చేసింది. అది ఆయన చేతికి ఉండడం వల్ల మా పనికి అడ్డం ఏమీ లేదు.

స్టేట్‌మెంట్

రెండో విడత కలిసినప్పుడు జరిగింది చెప్పమని అడిగాను. ఒక్క నిమిషంలో చెప్పేశారు. తెల్లవారుజామున 5 గంటల 50 నిమిషాలు. వేగం గంటకు 104 కిలోమీటర్లు. వంపు దాటగానే ట్రాక్ మీద మనిషి. హారన్ ఆపకుండా కొట్టాను. ఎమర్జెన్సీ బ్రేక్ వేశాను. బండి దాదాపు 700 మీటర్లు పోయి ఆగింది. గార్డుకి, కంట్రోల్‌కి చెప్పాను. 22 నిమిషాల తర్వాత బయలుదేరాం.

గొంతులో ఎత్తూ పల్లం లేదు. అప్పటికే పోలీసులకి ఒకసారి, డిపార్ట్‌మెంట్‌కి రెండుసార్లు అదే చెప్పి ఉన్నారు. ఎంక్వయిరీకి కావలసింది వేగం, టైము, హారన్, బ్రేక్. ఆయన మనసు కూడా ఆ నాలుగింటి దగ్గరే ఆగిపోయి ఉంది. ఆయన తప్పేమీ లేదని ఎంక్వయిరీ తేల్చింది. ఆ 22 నిమిషాల తర్వాత మరో రెండున్నర గంటలు ఆ బండిని నడిపింది ఆయనే. రన్నింగ్ రూమ్‌కి, అంటే డ్యూటీ దిగిన సిబ్బంది విశ్రాంతి తీసుకునే చోటికి చేరాక ఒక పెద్దాయన భుజం తట్టి "మామూలే, అలవాటైపోతది" అన్నాడట. ఆ మాట అన్నాయన చెడ్డవాడు కాదు. ఆయనకి కూడా ఎవరో అదే చెప్పి ఉంటారు.

ఎక్కువ దెబ్బ తీసింది ఆ మాటే అని నా అభిప్రాయం. అందరికీ మామూలైనది తనకెందుకు మామూలు కావడం లేదన్న ప్రశ్న ఆయన్ని మూడు నెలలు లోపల తొలిచింది.

పీసీఎల్-5 అనే ఇరవై ప్రశ్నల కొలత ఉంటుంది. 80కి లెక్క. సాధారణంగా 31–33 దాటితే పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన ఘటన తర్వాత పోకుండా మిగిలిపోయే మానసిక గాయం, ఉండవచ్చని అనుమానించి లోతుగా చూస్తాం. ఆయనకి 52 వచ్చింది. డిప్రెషన్‌కి వాడే పీహెచ్‌క్యూ-9లో 27కి 14. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో కొత్తది, ఐసీడీ-11, పీటీఎస్‌డీకి మూడు గుంపుల లక్షణాలు చూడమంటుంది. జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్ళీ మళ్ళీ రావడం, దాన్ని గుర్తు చేసే వాటి నుంచి తప్పించుకు తిరగడం, ప్రమాదం ఇంకా పక్కనే ఉన్నట్టు ఒళ్ళంతా కాపలా కాయడం. మూడూ ఉన్నాయి. కొలతలు నాకు దారి చూపిస్తాయి కానీ నిర్ధారణకు చూసేది మనిషినే. నా గదిలో ఆయన కూర్చున్న కుర్చీని తలుపుకు ఎదురుగా తిప్పుకుని కూర్చున్నారు. కింద ఎవరో షట్టర్ దించితే సగం లేచి నిలబడ్డారు.

చచ్చిపోవాలనిపించిందా అని నేరుగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. అది నిజం కాదు, అడగకపోవడమే ప్రమాదం. "నిద్రల పోతె మంచిగుండు అనిపిస్తది, ఇంకేం లేదు" అన్నారు. దాని గురించి వివరంగా మాట్లాడాం. అలా అనిపించిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ముగ్గురి పేర్లు రాసుకున్నాం. నాలుగోదిగా టెలీ మానస్ నంబరు 14416 రాశాను. మానసిక సాయం కోసం 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ అది, తెలుగులో కూడా మాట్లాడతారు.

జేబులో మాత్రలు

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్ప్రజోలం, ఆందోళన తగ్గించి మత్తు తెచ్చే మందు, అర మిల్లీగ్రాము మాత్రలు. రెండు నెలలుగా వేసుకుంటున్నారు. "డ్యూటీ ముందు వేసుకోను మేడం" అన్నారు. "ముందు అంటే ఎన్ని గంటల ముందు?" అన్నాను. జవాబు రాలేదు.

ఇక్కడ నేను కొంత కఠినంగా మాట్లాడాల్సి వచ్చింది. వెనక పద్దెనిమిది, ఇరవై బోగీల జనం ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆయన సంగతులు గోప్యంగా ఉంచడం నా బాధ్యత. ఇతరులకి హాని జరగకుండా కాపాడాల్సి వస్తే మినహాయింపు ఉందని కూడా అదే సెక్షన్ చెబుతుంది. రెండూ ఆయన ముందు పెట్టాను. మాత్ర వేసుకుని బండెక్కితే నేను ఊరుకోలేనని, ఆ పరిస్థితి రాకుండా ఇద్దరం కలిసి దారి చూద్దామని చెప్పాను.

ఆయన భయం న్యాయమైనదే. లోకో పైలట్లకి కంటిచూపు దగ్గర్నుంచి అన్నింటికీ ఏ-వన్ వైద్య ప్రమాణం ఉంటుంది. ఒకసారి 'మెంటల్' అని కాగితం మీద పడితే డీకేటగరైజ్ చేసి టేబుల్ పనికి వేస్తారని, మైలేజీ అలవెన్స్ పోతుందని, ఇంటి లోను వాయిదాలు అలవెన్స్ మీదే నడుస్తున్నాయని చెప్పారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని అంటుందని చెప్పాను. కొంత ఊరట కలిగింది, పూర్తిగా కాదు. అలవెన్స్ పోతే పోయినట్టేనని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

చివరికి ఒప్పుకున్నది ఇది. ముందు ఉన్న సెలవులు వాడుకోవడం. ఆ తర్వాత రైల్వే డాక్టర్ దగ్గరికి తనే వెళ్ళి నిద్రలేమి, బీపీ చెప్పడం, అడిగితే దాచకుండా మిగతాది కూడా చెప్పడం. ఇక్కడ ఒక సైకియాట్రిస్ట్ దగ్గర ఆల్ప్రజోలం మెల్లగా తగ్గించుకోవడం. రెండు నెలలు వాడిన మందును ఉన్నట్టుండి ఆపకూడదు. అసలు ఇలాంటి ఘటన తర్వాత మొదటి నెలలో ఈ జాతి మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మన ఊళ్ళల్లో అవి చాక్లెట్లు అడిగినంత సులభంగా దొరుకుతున్నాయి. సైకియాట్రిస్ట్ డిప్రెషన్‌కీ పీటీఎస్‌డీకీ వాడే సెర్ట్రలిన్ మొదలుపెట్టారు, ఆల్ప్రజోలం ఐదు వారాల్లో ఆగింది. డ్యూటీకి దూరంగా ఉన్న కాలంలోనే థెరపీలో బరువైన భాగం నడిచింది.

నేను తొందరపడ్డ చోటు

నేను పట్టుకున్న పద్ధతి 2000లో ఆంకె ఏలర్స్, డేవిడ్ క్లార్క్ ప్రతిపాదించిన నమూనా. పీటీఎస్‌డీ ఉన్న మనిషి జరిగినదాన్ని జరిగిపోయిన సంగతిగా కాకుండా ఇప్పుడున్న ప్రమాదంగా మోస్తాడు, దానికి రెండు కారణాలు అంటారు వాళ్ళు. ఒకటి, జ్ఞాపకం ముక్కలుగా, ముందూ వెనకా అతకకుండా ఉండిపోవడం. రెండు, జరిగినదానికి ఆ మనిషి లోలోపల ఇచ్చుకున్న అర్థం. ఆ అర్థం ఏమిటో పట్టుకోవడమే థెరపీలో సగం పని.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆ ముసలాయన గురించి మొదటిసారి కొంచెం చెప్పారు. చలికి తలకు తువ్వాలు చుట్టుకున్నాడట. "అచ్చం మా నాయన లెక్క." ఆయన తండ్రి 2021 మేలో కోవిడ్ రెండో వేవ్‌లో పోయారని మొదటి రోజే రాసుకున్నాను. ఆఖరి చూపు కూడా దక్కలేదు. నాకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. "నాన్నగారిని మళ్ళీ పోగొట్టుకున్నట్టు అనిపించిందా?" అని అడిగాను.

ఆయన ముఖం మూసుకుపోయింది. "అది వేరే, ఇది వేరే మేడం" అని లేచారు. తర్వాత రెండు అపాయింట్‌మెంట్లకు రాలేదు.

ఆ ప్రశ్న తప్పు. నాకు నచ్చిన కథను ఆయన మీద కప్పబోయాను. మళ్ళీ వచ్చింది భార్య పట్టుబట్టడం వల్ల. రాగానే క్షమించమని అడిగాను, ఆ దారిలో ఇక నేను లాగనని చెప్పాను. పీసీఎల్-5 అప్పటికి 47. పెద్దగా కదలలేదు.

నేను చూసీ చూడని సూచన ఇంకొకటి అప్పటికే నా నోట్సులో ఉంది. రెండోసారి వచ్చినప్పుడు ఊపిరి మీద ధ్యాస పెట్టే చిన్న అభ్యాసం నేర్పబోయి "కళ్ళు మూసుకోండి" అన్నాను. "వద్దు" అన్నారు, చాలా గట్టిగా. మామూలుగా అంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు. 'తప్పించుకుంటున్నారు' అని ఒక్క మాట రాసుకుని ముందుకు పోయాను.

కండ్లు

ఏడో సెషన్ తొంభై నిమిషాలు పెట్టుకున్నాం. జరిగినదాన్ని వర్తమానంలో, ఇప్పుడు జరుగుతున్నట్టు, కళ్ళు తెరిచే, మెల్లగా చెప్పించాను. ఇంజిన్‌లో వాసన, సీటు, పక్కన అసిస్టెంట్, మంచు, హెడ్‌లైట్ వెలుగు. వంపు. మనిషి. "హారన్ కొడుతున్న... బ్రేక్ ఏసిన... బండి ఆగింది."

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే. బ్రేక్‌కీ బండి ఆగడానికీ మధ్య ఏమీ లేదు. బ్రేక్ వేసిన తర్వాత బండి ఆగడానికి అర నిమిషానికి పైనే పడుతుంది. ఆ అర నిమిషం ఎక్కడ పోయింది?

మూడోసారి అక్కడ ఆపాను. "బ్రేక్ హ్యాండిల్ మీద చెయ్యి ఉంది. హారన్ మోగుతోంది. ఇప్పుడు మీకేం కనిపిస్తోంది?"

చాలాసేపు మాట్లాడలేదు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి.

"ఆయన ఇటు చూసిండు. కండ్లు కలిసినయి."

"తర్వాత?"

"నేను కండ్లు మూసుకున్న మేడం."

అంతే. అప్పుడు ఏడ్చారు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. పోలీసులకి, డిపార్ట్‌మెంట్‌కి, భార్యకి, ఎవరికీ చెప్పని మాట అది. ఎవరూ అడగలేదు కూడా.

ఆ మాట ఆయనకి ఎంత బరువో తెలియాలంటే ఆ ఉద్యోగం కొంత తెలియాలి. లోకో పైలట్ పని అంటే కళ్ళు తెరిచి ఉంచడమే. సిగ్నల్ కనిపించగానే ఇద్దరూ చేయి చూపి రంగును పైకి పలకాలి. నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే ఇంజిన్‌లో ఉండే విజిలెన్స్ పరికరం దీపం వెలిగిస్తుంది, తర్వాత బజర్ మోగిస్తుంది, అప్పటికీ స్పందన లేకపోతే తనే బ్రేకులు వేస్తుంది. పదహారేళ్ళు రాత్రుళ్ళు నిద్రను ఆపుకుంటూ కాపాడుకున్న కళ్ళు అవి. అవసరమైన ఆ ఒక్క క్షణంలో మూసుకుపోయాయి. ఆయన ఇచ్చుకున్న అర్థం ఇది: "నేను పిరికోణ్ణి. ఒక మనిషి నా దిక్కు చూస్తుంటె నేను మొకం తిప్పుకున్న. చూసుకుంట ఉంటె ఏమన్న చెయ్యగలుగుదునేమో."

రాత్రి నిద్ర ఎందుకు పట్టడం లేదో నాకు అప్పుడు అర్థమైంది. పడుకోవాలంటే కళ్ళు మూయాలి. ప్రతి రాత్రీ ఆయన మళ్ళీ అదే 'తప్పు' చేయాలి.

లెక్క ఆయనకే బాగా తెలుసు. ఆయనతోనే కాగితం మీద వేయించాను. గంటకు 104 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 29 మీటర్లు. మనిషి కనిపించింది సుమారు 250 మీటర్ల దూరంలో. అంటే దగ్గరదగ్గర తొమ్మిది సెకన్లు. ఆగడానికి కావలసింది 700 మీటర్లు. ఏ-9 బ్రేక్ హ్యాండిల్ ఎమర్జెన్సీలోకి తోసేశాక డ్రైవర్ చేతిలో ఇక మిగిలింది హారన్ ఒక్కటే. రైలుకు పక్కకు తిప్పే స్టీరింగ్ లేదు. తెరిచి ఉన్నా ఆ కళ్ళు చేయగలిగింది ఏమీ లేదు.

కాగితం చూసి తలూపారు. "తెలుసు మేడం. నేను జూనియర్లకి చెప్పేదే ఇది." కానీ పీసీఎల్-5 తగ్గలేదు. తప్పు చేశానన్న భావన లెక్క తప్పడం వల్ల పుట్టింది కాదు. కాబట్టి లెక్క సరిచేస్తే పోలేదు. కళ్ళు మూసుకున్న మనిషి తానొక్కడేనని, మిగతావాళ్ళు అలా చేయరని ఆయన నమ్మకం. అది కదలాలంటే నేను చెప్పే మాట సరిపోదు. నేను ఇంజిన్ ఎక్కిన మనిషిని కాను.

నలుగురిని అడగడం

ఈ పద్ధతిలో సర్వే అనే సాధనం ఒకటి ఉంది. క్లయింటుకు ఉన్న నమ్మకాన్ని ఒక ప్రశ్నగా మార్చి, ఆయన గౌరవించే మనుషులనే అడిగిస్తాం. ప్రశ్న ఆయనే రాసుకున్నారు: "ఆఖరి రెండు సెకన్లల్ల నువ్వేం చేస్తవు?" ఎవరిని అడగాలో ఎంచుకోవడానికే ఒక వారం పట్టింది. రిటైరైన ఇద్దరు, సర్వీసులో ఉన్న ఒక సీనియర్, ఇంకా ఆ రోజు పక్కన కూర్చున్న అసిస్టెంట్.

తొమ్మిదో సెషన్‌కి ఆయన మడిచిన కాగితం తెచ్చారు. రిటైరైన ఒకాయన స్పీడోమీటర్ వైపు తల తిప్పేస్తానన్నాడు. రెండో ఆయన కళ్ళు మూసుకుని దేవుడి పేరు తలుచుకుంటానని, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చూడలేదని, ఇన్నేళ్ళలో ఈ మాట అడిగింది నువ్వొక్కడివేనని అన్నాడట. సీనియర్ సమాధానం చెప్పకుండా బయటికి వెళ్ళి, పావుగంట తర్వాత టీ తెచ్చి ఇచ్చి, "నేను కూడ అంతే" అన్నాడట.

అసిస్టెంట్ ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లవాడు. అతను చెప్పింది ఈయన కాగితం మీద రాసుకోలేదు, నోటితోనే చెప్పారు. "సార్, నేను తల కిందికి పెట్టి చెవులు మూసుకున్న. లేచి చూసేసరికి బండి ఇంకా పోతనే ఉన్నది. మీ కండ్లు మూసే ఉన్నయి. చెయ్యి మాత్రం బ్రేక్ మీద నుంచి తియ్యలేదు. ఇంకో చెయ్యి హారన్ మీదనే ఉండె."

"చెయ్యి తియ్యలే మేడం" అన్నారు ఆయన నాతో. ఇంకోసారి అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

పెద్ద చప్పుడు, దెబ్బ రాబోతున్నప్పుడు కనురెప్పలు మూసుకోవడం శరీరం చేసే పని, మనిషి నిర్ణయం కాదు అని నేను అంతకుముందే చెప్పాను. అప్పుడు అది ఆయనకి అంటలేదు. ఇప్పుడు మేం మళ్ళీ ఆ జ్ఞాపకంలోకి వెళ్ళాం. కళ్ళు మూసుకున్న క్షణం దగ్గరికి రాగానే కొత్తగా తెలిసినదాన్ని అక్కడే, ఆ క్షణంలోనే పైకి అనిపించాను. ఆయన మాటల్లోనే: "కండ్లు మూసుకున్నయి. చెయ్యి బ్రేక్ మీదనే ఉన్నది. ఆఖరుదాక ఉన్నది." పదో సెషన్‌లో, పదకొండో సెషన్‌లో అదే పని. పదకొండోసారి ఆ అర నిమిషం మొత్తం కథలో ఉంది. బండి ఆగింది, దిగారు, మంచులో వెనక్కి నడిచారు, అసిస్టెంట్ నీళ్ళ సీసా ఇచ్చాడు. కథకి చివర వచ్చింది.

ఆ అసిస్టెంట్ కూడా నిద్ర లేక ఇబ్బంది పడుతున్నాడని ఈయన ద్వారానే తెలిసింది. అతన్ని ఇంకొక సహోద్యోగి దగ్గరికి పంపాను. ఇద్దరినీ నేనే చూడడం సరికాదనిపించింది.

కొబ్బరికాయలు

గుడికి ఎందుకు వెళ్ళడం లేదన్నది కూడా ఈ వారాల్లోనే తేలింది. భార్య ఆయనకి దేవుడి మీద కోపం వచ్చిందనుకున్నారు. కోపం కాదు, కొబ్బరికాయ కొట్టే చప్పుడు. అది ఆ రోజు విన్న చప్పుడుకు దగ్గరగా ఉంటుందని చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డారు. దేవుడి దగ్గర ఇలాంటి ఆలోచన రావడమే పాపమనుకున్నారు.

ఒక రోజు నా గదికి మూడు కొబ్బరికాయలు తెప్పించాను. ముందు చూడడం, పట్టుకోవడం. తర్వాత నేను కొట్టాను, ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఒళ్ళు జలదరించింది, చెమటలు పట్టాయి. అప్పుడు అడిగాను: అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? అప్పుడు మంచు, ఇప్పుడు ఎండ. అప్పుడు కాళ్ళ కింద ఇంజిన్ అదురు, ఇప్పుడు గచ్చు. అప్పుడు డీజిల్, గ్రీజు వాసన, ఇప్పుడు కొబ్బరి నీళ్ళ వాసన. రెండోది ఆయనే కొట్టారు. మూడోది కొట్టి, ముక్క తీసి నాకు ఇచ్చి, తనూ తిన్నారు. ఒకేలా వినిపించే రెండింటి మధ్య తేడాలు వెతికి పట్టుకోవడం ఈ పనిలో చాలా ముఖ్యమైన భాగం. ఇంటి దగ్గర రెండు వారాలు సాధన చేశాక ఆయన గుడికి వెళ్ళారు.

హారన్‌కి నేను ప్రత్యేకంగా ఏర్పాటు చేయాల్సిన పని లేకపోయింది, కాజీపేట చేసి పెట్టింది. మొదట్లో అది వినిపిస్తే మాట ఆగిపోయేది. ఆగస్టు నాటికి "గూడ్స్, లోడ్ మీద ఉన్నది" అని చెప్పి మాట కొనసాగించేవారు.

ఘటన జరిగిన చోటికి వెళ్ళి చూడడం కూడా ఈ చికిత్సలో భాగమే, కానీ ట్రాక్ మీద నడవడం చట్టరీత్యా నేరం, ప్రమాదం కూడా. అందుకని ముందు భార్యతో కలిసి పగటిపూట ప్యాసింజర్‌లో ఆ సెక్షన్ దాటారు, కిటికీ పక్కన కూర్చుని. వంపు దగ్గర పత్తి చేను ఉందట. ఆయన జ్ఞాపకంలో ఆ చోట మంచు తప్ప ఇంకేమీ లేదు.

డ్యూటీ

ఆయన అనుమతి తీసుకుని, డిపోలో ఒక అధికారికి నాలుగు లైన్ల ఉత్తరం రాశాను. కథ ఏదీ రాయలేదు. ఏ పనితో మొదలుపెడితే బాగుంటుందో, ఎన్ని రాత్రులు వరసగా వేయకపోతే మంచిదో అంతే. ఆ అధికారి మర్యాదగా స్పందించారు. అన్నిచోట్లా ఇలా జరుగుతుందని చెప్పలేను. రైల్వే డాక్టర్ ఫిట్ ఇచ్చాక సెప్టెంబరులో యార్డులో షంటింగ్‌తో, అంటే బోగీలను అటూ ఇటూ మార్చే పనితో మొదలై, తర్వాత పగటి బండ్లు, ఆ తర్వాత ఆ సెక్షన్.

పని చోట ఏం చేయాలని నన్ను అడుగుతూ ఉంటారు. ఘటన అయిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే ఒక్కరోజు 'కౌన్సెలింగ్' వద్దు. దానివల్ల పీటీఎస్‌డీ ఆగుతుందని పరిశోధనల్లో తేలలేదు, కొందరికి కీడు చేసే అవకాశం ఉందని తేలింది. అదే బండిని అదే మనిషితో ముందుకు నడిపించకపోవడం, వీలైనంత దగ్గరి స్టేషన్‌లో వేరే సిబ్బందిని ఎక్కించడం, మూడో రోజు ఒక ఫోను, నెల రోజులకు ఇంకో ఫోను. 'నిద్ర పడుతోందా?' అని అడిగితే చాలు. చాలామంది నెల తిరిగేసరికి తమంతట తామే తేరుకుంటారు. తేరుకోని వాళ్ళను కనిపెట్టి పంపడమే పని.

పెత్రమాస

అక్టోబరు 2న పెత్రమాస వచ్చింది. తెలంగాణలో ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. ఆయన తండ్రి పేరు మీద ఇస్తూ, పక్కన ఇంకో విస్తరిలో కూడా బియ్యం పోశారట. అయ్యగారు పేరేమిటని అడిగితే తెలియదని, ముసలాయన అని చెప్పారట. ఆ ఆలోచన పూర్తిగా ఆయనదే. నాకు తర్వాతి వారం వచ్చి చెప్పారు.

మన దగ్గర చావుకు మైల ఉంటుంది, పదో రోజు ఉంటుంది, వచ్చి కూర్చునే జనం ఉంటారు. బండి నడిపిన మనిషికి ఆ చావుతో ఏ చుట్టరికమూ లేదు. ఏడవడానికి హక్కు లేదు, చెప్పుకోవడానికి చోటు లేదు. పెరట్లో స్నానం చేసి మర్నాడు డ్యూటీ ఎక్కాలి. ఆయన ఆ రెండో విస్తరి గురించి చెబుతున్నప్పుడు, నాలుగో సెషన్‌లో నేను తొందరపడి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. తండ్రినీ ఆ ముసలాయననూ ఆయన పక్కపక్కన పెట్టారు, ఒకటిగా కలపలేదు. "అది వేరే, ఇది వేరే" అని ఆయన అన్నది నిజమే.

మొత్తం పదిహేను సెషన్లు. చివరి సెషన్ నవంబరులో. పీసీఎల్-5 అప్పటికి 23, ఆరు నెలల తర్వాత చూసినప్పుడు 14. ఈ కొలతలో పది పాయింట్లు తగ్గితేనే మార్పు గట్టిదని లెక్కిస్తాం. పీహెచ్‌క్యూ-9 నాలుగు. బీపీ మందు కొనసాగుతోంది. సెర్ట్రలిన్‌ను ఎప్పుడు తగ్గించాలో సైకియాట్రిస్ట్ చూస్తున్నారు. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆరు గంటలు నిద్ర పడుతోంది, రాత్రి డ్యూటీ వారాల్లో అంత ఉండదు. ఇంకో ఘటన ఎదురైతే ఏం చేయాలో ఒక పేజీ రాసుకున్నాం. ఆ ఉద్యోగంలో అది ఎప్పటికీ రాదని ఎవరూ మాట ఇవ్వలేరు.

ఆ వంపు దగ్గర, హారన్ కొట్టమని గుర్తుచేసే విజిల్ బోర్డు కంటే ముందే హారన్ మొదలుపెట్టి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు కొడతారట. పుస్తకం ప్రకారమైతే అది కూడా తగ్గించాల్సిన అలవాటే. తగ్గించమని నేను అడగలేదు.